ఫౌల్ బాల్ పడిన రోజు

బేస్‌బాల్ గురించి నాకు తెలిసింది దాదాపు ఏమీ లేదు. మా అమ్మాయి స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. శనివారం పొద్దున్నే ఏదో ఒక పార్కుకి తీసుకెళ్లి, మడత కుర్చీ వేసుకుని కూర్చుని, పక్కనున్న తల్లులు చప్పట్లు కొట్టినప్పుడల్లా నేనూ కొట్టేదాన్ని. సాఫ్ట్‌బాల్‌కి పెద్దన్నలాంటి ఆట బేస్‌బాల్ అనీ, అందులో బంతి చిన్నదీ వేగం ఎక్కువా అనీ తను చెబితే తల ఊపాను. నా క్రీడాజ్ఞానం అంతే.

అక్టోబరు బడి సెలవుల్లో ఒక మంగళవారం. మా ఆయన ఎప్పటిలాగే ఏడింటికి లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని, నేనిచ్చిన లంచ్ బాక్సు అందులో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లిపోయారు. ఆయన ఒక ఐటీ కంపెనీలో టెస్ట్ లీడ్. నేను ఒక స్కానింగ్ సెంటర్లో రేడియోగ్రాఫర్ని. నేనూ బయల్దేరబోతుంటే సెంటర్ నుంచి ఫోను వచ్చింది. మెషీన్ మొరాయించిందట, ఈ పూటకి రావద్దన్నారు. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి మా అమ్మాయి అప్పటికే బూట్లు వేసుకుని నిలబడి ఉంది.

"మమ్, ద ప్రో టీమ్ ఈజ్ ట్రైనింగ్ టుడే. ఎనీవన్ కెన్ వాచ్. కెన్ వుయ్ గో? ప్లీజ్?"

"ఎండలో ఎవరో బంతి విసురుకుంటుంటే మనం చూడాలా?"

"ప్లీజ్, మమ్."

నవంబరులో ఈ ఊరి బేస్‌బాల్ జట్టు సీజన్ మొదలవుతుంది. దానికి ముందు కొన్ని వారాలు సాధన. వాళ్ల మైదానం ద పాండ్స్ అనే పేటలోని మా ఇంటికి కారులో పదిహేను నిమిషాల దూరం. సరే పదమన్నాను. మా ఆయనకి మెసేజ్ పెడదామనుకుని, మీటింగుల్లో ఉంటారులే అని ఊరుకున్నాను.

గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే మొదట నన్ను అదరగొట్టింది శబ్దం. క్రికెట్ బ్యాటు చప్పుడు విని పెరిగినదాన్ని కదా, అలాంటిదే అనుకున్నాను. కాదు. ఇది కర్ర విరిగినట్టు, ఖాళీ గదిలో తలుపు ధడాలున మూసినట్టు ఉంది. పచ్చని గడ్డి మధ్యలో ఎర్రమట్టి, దాని మీద తెల్లటి సున్నపు గీతలు. ఒక మూల ఆటగాడు బంతి విసురుతున్నాడు. అతని చేతిలోంచి వదిలిన బంతి నాకు కనిపించనే లేదు. అవతలివాడి గ్లోవులో 'ఠాప్' అని మోగాకే అది వెళ్లిందని తెలిసింది.

"అమ్మో, అది తగిలితే మనిషి బతుకుతాడా?" అన్నాను.

"దట్స్ జస్ట్ వార్మప్, మమ్," అంది మా అమ్మాయి, తనే విసిరినంత గర్వంగా.

మెట్ల వరసల్లో మాతోపాటు మరో ఇరవై ముప్ఫై మంది ఉంటారు. ముందు అడ్డంగా వల కట్టిన చోటు నిండిపోయిందని, మేం పక్కకి జరిగి, వల అయిపోయే చోట మూడో వరసలో కూర్చున్నాం. అక్కడ కూర్చోవడం తెలివితక్కువతనమని నాకు తెలియదు. తనకి తెలుసు, కానీ ఆటగాళ్లు దగ్గరగా కనిపిస్తారన్న ఆశతో ఆ మాట నాకు చెప్పలేదట.

అరగంట గడిచింది. బ్యాటింగ్ సాధన మొదలైంది. ఆటగాళ్లు ఒకడి తరవాత ఒకడు వచ్చి కొడుతున్నారు. బంతులు ఆకాశంలోకి లేచి దూరంగా గడ్డి మీద పడుతున్నాయి. నేను వాటర్ బాటిల్ మూత తిప్పుతున్నాను. ఎవరో "హెడ్స్ అప్!" అని గట్టిగా అరిచారు. ఆ మాటకి జాగ్రత్త అని అర్థమని తెలిసినా, తలెత్తి చూడాలో దించుకోవాలో తోచలేదు. ఆ క్షణంలోనే మా అమ్మాయి గొంతు చించుకుని అరిచింది.

తన పక్కనున్న ప్లాస్టిక్ సీటు వీపు మధ్యలో పగిలి రెండయింది. తన భుజానికీ ఆ సీటుకీ మధ్య జానెడు దూరం లేదు. ఫౌల్ బాల్, అంటే గీత దాటి పక్కకి ఎగిరిన బంతి, కిందికి దొర్లుకుంటూ పోతోంది. నా చేతిలోని నీళ్లు నా ఒడిలోనే ఒలికిపోయాయి.

కింద మైదానం అంచున పంపు షెడ్డు ఒకటి ఉంది. దాని వెనకనుంచి ఒకతను పరిగెత్తుకుంటూ వచ్చాడు. నారింజరంగు జాకెట్టు, వెడల్పు అంచు టోపీ, మోకాళ్లదాకా మట్టి. కంచె ఎక్కి దూకి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు. ఎవరో గ్రౌండు పనివాడు, ఎంత మంచివాడు, అనుకున్నాను. టోపీ ఎగిరి వెనక పడింది. కాలరు లోపల మెడచుట్టూ చెమటకి మడిచి పెట్టుకున్న నీలం గళ్ల చేతిరుమాలు కనిపించింది. ఆ రుమాలు నేను ఆదివారం ఇస్త్రీ చేసింది.

"తగల్లేదు కదమ్మా? ఎక్కడైనా తగిలిందా? చెయ్యి చూపించు," అంటూ ఆయన మా అమ్మాయి భుజాలు, తల, చేతులు తడిమి చూస్తున్నారు.

అది ఆయన ముఖంలోకి చూసింది. "డాడ్? వై ఆర్ యు హియర్?"

ఆయన నావైపు చూశారు. నేను ఆయన బూట్లు చూస్తున్నాను. ఎర్రమట్టి పట్టిన పనివాళ్ల బూట్లు. అవి మా ఇంట్లో ఎప్పుడూ లేవు. బంతి పడిన భయం ఇంకా తీరకముందే ఇది వచ్చి పడింది. నా నోట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "మీకు మీటింగ్ లేదా?"

ఇంతలో తెల్లగడ్డం పెద్దాయన ఒకరు కుంటుతూ మెట్లెక్కి వచ్చారు. మైదానం బాగోగులు చూసే పెద్ద ఆయనే. అందరూ బాగున్నారా అని అడిగి, మా ఆయనవైపు తిరిగి, "యు నో దెమ్, మేట్?" అన్నారు.

"మై వైఫ్. మై డాటర్."

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. మీ లెమన్ రైస్ అద్భుతమన్నారు. రోజూ సగం తనకి పెడతాడని, ఇంత ఓపికగా మట్టి చదును చేసే మనిషిని తను చాలా ఏళ్లుగా చూడలేదని చెప్పారు. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు. పేరు కూడా తెలియని ఈ మనిషికి నా పులిహోర రుచి తెలుసు. మా ఆయన రోజంతా ఎక్కడుంటారో తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

పెద్దాయన మమ్మల్ని నీడలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, మా అమ్మాయికి చల్లటి డ్రింకు తెచ్చిచ్చి, "టేక్ యువర్ టైమ్," అని వెళ్లిపోయారు.

"ఎన్నాళ్లయింది?" అన్నాను.

"ఏడు వారాలు."

"ఏడు వారాలా?"

ఒక గురువారం మధ్యాహ్నం వాళ్ల టీమంతటినీ ఒక గదిలోకి పిలిచి, ఉద్యోగాలు తీసేశామని పావుగంటలో చెప్పేసి, లాప్‌టాపులు అక్కడే తీసుకున్నారట. చేతికిచ్చిన డబ్బునే ఆయన జీతంలా ఇంటి ఖాతాలో వేస్తున్నారట. ఆ సాయంత్రం మా ఇంటికి చుట్టాలొచ్చి ఉన్నారు. వాళ్లు వెళ్లాక చెబుదామనుకున్నారు. మర్నాడు నాకు జ్వరం. తరవాత చెబుదామనుకున్నారు. మొదటి వారం లైబ్రరీలో కూర్చుని అప్లికేషన్లు పెట్టారు. రెండో వారం నడుస్తూ ఇటు వస్తే, పెద్దాయన మోకాలి నొప్పితో, మట్టిని చదును చేసే బరువైన ఇనుప వల చాపను ఒక్కరే ఈడుస్తూ కనిపించారట. ఒక చెయ్యి వేశారు. మర్నాడూ వచ్చారు. మూడో వారం నుంచి మైదానం వాళ్లే జీతమిచ్చి పనిలో పెట్టుకున్నారు.

"మరి లాప్‌టాప్ బ్యాగులో ఏముంది?"

"గ్లోవ్స్, సన్‌స్క్రీన్, నీ బాక్సు."

"ఆ కొత్త మేనేజరు? రోజూ మీ మీద అరుస్తున్నాడన్నారు. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఆగిపోయిందన్నారు."

ఆయన నేలకేసి చూశారు. "మేనేజరు లేడు."

"లేడంటే?"

"కల్పించాను. నువ్వు ఆఫీసు ఎలా ఉందని అడిగేదానివి. ఏదో ఒకటి చెప్పాలి కదా."

ఉద్యోగం పోయిందన్న మాట విన్నప్పుడు రాని కోపం అప్పుడొచ్చింది. ఆ మేనేజరు గురించి నేను రాత్రి భోజనాల దగ్గర ఎంత ఆలోచించానో! అతనితో ఒంటరిగా మాట్లాడండి, ఈమెయిల్ పెట్టకండి, ఎదురుగా కూర్చుని చెప్పండి అని సలహా ఇచ్చాను. రెండు రోజుల తరవాత ఈయన ఇంటికొచ్చి, "నువ్వు చెప్పినట్టే మాట్లాడాను, మనిషి మెత్తబడ్డాడు," అన్నారు. నేను మురిసిపోయాను. లేని మనిషి మెత్తబడ్డాడని మురిసిపోయాను.

"సో యు మేడ్ హిమ్ అప్?" అంది మా అమ్మాయి. దానికి నవ్వొస్తోందో ఏడుపొస్తోందో దాని ముఖం చూస్తే తెలియలేదు.

"ఈరోజు మేమొచ్చింది చూశారా?" అని అడిగాను.

"గేట్లో అడుగుపెట్టినప్పుడే చూశాను. షెడ్డు వెనక్కి పోయాను. మీరు వెళ్లేదాకా అక్కడే ఉందామనుకున్నాను."

"మరెందుకు బయటికొచ్చారు?"

"అది అరిచింది కదా," అన్నారు, నేను అడగకూడనిదేదో అడిగినట్టు.

ఇంటికి నేను, మా అమ్మాయి కారులో వచ్చేశాం. ఆయన షిఫ్టు ముగించుకుని సాయంత్రం వచ్చారు. నాలుగు రోజులు నేను ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడాను. బాక్సు మాత్రం కట్టాను. ఎందుకు కట్టానో నాకూ తెలియదు. పెద్దాయన ఎదురుచూస్తారనేమో.

శనివారం టూంగాబీలో ఒక ఆంటీగారింట్లో దసరా బొమ్మల కొలువు. ఆ ఆంటీ, అంకుల్ మేం ఈ దేశం వచ్చిన కొత్తలో మాకు అన్నం పెట్టినవాళ్లు. హాలు నిండా జనం. పేలాలు, శనగలు, పట్టుచీరలు, పిల్లల గోల. భోజనాల దగ్గర అంకుల్ మా ఆయన భుజం తట్టి, "ఏమయ్యా, ఆఫీస్ ఎలా ఉంది? అంతా లేఆఫ్స్ అంటున్నారు, మీ కంపెనీలో ఓకేనా?" అన్నారు.

ఆయన నోరు తెరిచారు. చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క క్షణం అంతా ఆయనవైపే చూశారు.

"బిజీ అంకుల్, చాలా బిజీ," అన్నాను నేను. "కొత్త మేనేజర్ వచ్చాడు కదా, వీకెండ్స్‌లో కూడా కాల్సే. ఈరోజు బలవంతంగా తీసుకొచ్చాను."

ఎంత తేలిగ్గా వచ్చిందో! తడబడలేదు. నవ్వుతూ చెప్పాను. పైగా "వీకెండ్స్‌లో కాల్సు" అని కొత్తది కూడా చేర్చాను. అంకుల్ "అయ్యో పాపం" అన్నారు. ఆంటీ నాకు ఇంకో బొబ్బట్టు వేశారు. నేను ప్లేటు పట్టుకుని నిలబడి, ఇప్పుడు మాట్లాడింది నేనేనా అని బిత్తరపోయాను. మైదానంలో ఆయన్ని చూసినప్పటి కంటే ఎక్కువగా. ఆయన ఏడు వారాలు మోసిన అబద్ధం నేను ఒక్క నిమిషంలో, ఎవరూ అడక్కుండానే, భుజాన వేసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా అమ్మాయి వెనక సీట్లోంచి అంది: "యు టూ ఆర్ ఎగ్జాక్ట్‌లీ ద సేమ్."



ఆదివారం పొద్దున నేను కాఫీ కలుపుతుంటే పెరట్లోంచి ఆయన గొంతు వినిపించింది. ఫోనులో అంకుల్‌తో మాట్లాడుతున్నారు. "నిన్న తను చెప్పింది నిజం కాదు అంకుల్. నాకు ఆగస్టులోనే జాబ్ పోయింది. బేస్‌బాల్ గ్రౌండ్‌లో పనిచేస్తున్నాను. మట్టి చదును చెయ్యడం, గీతలు గియ్యడం. తనకీ మొన్నే తెలిసింది. నన్ను కాపాడదామని అలా చెప్పింది." ఆయన "హలో, అంకుల్?" అన్నారు. తరవాత మెల్లగా నవ్వారు. లోపలికొచ్చాక అడిగాను, ఏమన్నారని.

"మ్యాచ్ ఎప్పుడు, మేమూ వస్తాం అన్నారు."

నేను కాఫీ ఆయన చేతికిచ్చాను. "ఇంకోసారి ఇలా చేస్తే నేను ఊరుకోను," అన్నాను. "తెలుసు," అన్నారు. అంతకంటే పెద్ద సంభాషణ మా మధ్య జరగలేదు. ఆ రోజునుంచి మళ్లీ మామూలుగా మాట్లాడుకున్నాం. కోపం మాత్రం ఒక్కసారిగా పోలేదు. వంటింట్లో గిన్నెలు తోముతున్నప్పుడు ఏ కారణమూ లేకుండా వచ్చి, కాసేపుండి వెళ్లేది.

సీజన్ మొదలయ్యాక అంకుల్, ఆంటీ నిజంగానే వచ్చారు. ఈసారి వల వెనకాలే కూర్చున్నాం. ఆట ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు. మధ్యలో పనివాళ్లంతా మైదానంలోకి వచ్చి మట్టి చదును చేస్తుంటే, ఆంటీ లేచి నిలబడి చెయ్యి ఊపడం గుర్తుంది. ఆయన సిగ్గుపడి, తరవాత తనూ ఊపారు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, సెంటర్లో నేను పేషెంటుకీ పేషెంటుకీ మధ్య ఉండగా ఆయన ఫోను చేశారు. వెనకాల పంపు మోత.

"ఆఫర్ వచ్చింది. టెస్టింగే. ఇప్పుడే, ఈ నిమిషమే ఫోన్ చేశారు. వెంటనే నీకే చెబుతున్నా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎప్పుడు చేరమన్నారు?"

"సోమవారం రమ్మన్నారు. ఆఖరి మ్యాచ్ అయ్యేదాకా ఆగుతారా అని అడిగాను."

నేను ఫోను చెవినుంచి తీసి ఒకసారి దానికేసి చూశాను. అయిదు నెలలు ఆఫీసు ఉద్యోగం లేని మనిషి, వచ్చిన ఉద్యోగాన్ని మట్టి కోసం ఆగమన్నాడు.

"ఏమన్నారు వాళ్లు?"

"ఓకే అన్నారు," అన్నారు ఆయన. ఆయన గొంతులోనూ ఆశ్చర్యమే వినిపించింది.