సిన్నోవె చూడని బడి

స్కార్వోయ దీవిలో పన్నెండు ఇళ్ళున్నాయి. వాటిలో క్యాలెండరు మాట వినని ఇల్లు టోర్ఫిన్‌ది ఒక్కటే. ఆ ఇంటికి క్రిస్మస్ జనవరిలో వచ్చిన ఏళ్ళున్నాయి. కూతురు ఈడున్ తొమ్మిదో పుట్టినరోజు పదహారు రోజులు ఆలస్యంగా జరిగింది. టోర్ఫిన్ భార్య సిన్నోవె నడిసముద్రంలో చమురు తోడే రిగ్గు మీద ఎలక్ట్రీషియను. రెండు వారాలు అక్కడ, నాలుగు వారాలు ఇంట్లో. ఆమె హెలికాప్టరు దిగి వచ్చిన రోజే ఆ ఇంట్లో పండగ. ఊరివాళ్ళ పండగలతో వాళ్ళకు పని లేదు.

దీవిలో బడి మూతపడ్డాక పిల్లలు అవతలి ఒడ్డుకు పోవాల్సి వచ్చింది. పొద్దున ఒక ఫెర్రీ, సాయంత్రం ఒకటి. గాలి లేస్తే రెండూ ఉండవు. కాబట్టి వారమంతా చుట్టాలింట్లో ఉండి, శని ఆదివారాలకు ఇంటికి రావాలి. అంటే తల్లి ఇంట్లో ఉండే నాలుగు వారాల్లో కూతురు ఆమెకు దక్కేది ఎనిమిది రోజులు. ఆ లెక్క వేసినవాడు టోర్ఫిన్. లెక్కల్లో ఆయన చేసిన ఘనకార్యం అప్పటికి అదొక్కటే.

"పిల్లకు నేనే చదువు చెబుతా" అన్నాడు.

విన్నవాళ్ళు నవ్వకుండా ఉండలేకపోయారు. పదహారేళ్ళకే బడి వదిలేసి చేపల ఫ్యాక్టరీలో చేరినవాడు, దుకాణంలో ధర అడగడానికి కూడా మొహమాటపడేవాడు పంతులు అవుతాడట. పక్కింటి ముసలి ఐలిఫ్ అయితే మొహం మీదే అనేశాడు.

"ఒరే టోర్ఫిన్, నీకొచ్చిన చదువంతా చెప్పడానికి మధ్యాహ్నం దాకా పడుతుంది. తర్వాతేం చేస్తావురా?"

"మర్నాటి పాఠం నేర్చుకుంటా."

అన్నంత పనీ చేశాడు. పిల్ల లేవకముందే, ఐదింటికల్లా కాఫీ కాచుకుని, ఆ రోజు చెప్పాల్సినది ముందు తాను నేర్చుకునేవాడు. భిన్నాలు ఆయన్ని మూడు చెరువుల నీళ్ళు తాగించాయి. అయినా వదల్లేదు. రిగ్గు మీద ఆదివారం లేదు గనక వీళ్ళకూ లేదు. సిన్నోవె అక్కడున్న పద్నాలుగు రోజులూ రెండు పూటలా బడే. ఆమె వచ్చే రోజు పొద్దున పుస్తకాలు, నల్లబల్ల, గ్లోబు అన్నీ ఒక పెట్టెలో సర్ది అటక ఎక్కించేవాడు. ఆమె ఇంట్లో ఉండే రోజుల్లో చదువు ఒక్క నిమిషం కూడా తినకూడదని ఆయన పట్టుదల. ఇలాంటి మొగుడు ఊరికొకడు దొరికినా గొప్పే.

ఏటా రెండుసార్లు మునిసిపాలిటీ తరఫున మార్గున్ టీచరు వచ్చి పిల్ల చదువు చూసి వెళ్ళేది. మూతపడిన బడిలో టోర్ఫిన్‌కు లెక్కలు చెప్పి అలిసిపోయింది కూడా ఆవిడే. నాలుగో ఏడు వసంతంలో వచ్చినప్పుడు ఆవిడ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది.

"భిన్నాల భాగహారం దగ్గర పిల్ల తడబడుతోంది టోర్ఫిన్. అక్టోబరులో మళ్ళీ వస్తా. అప్పటికీ ఇంతే అయితే జనవరి నుంచి అవతలి ఒడ్డుకు పంపాల్సిందే. నీ మీద కోపంతో అంటున్నది కాదు."

టోర్ఫిన్‌కు ఆ రాత్రి అన్నం సహించలేదు. పిల్ల పోతుందన్న బెంగ ఒకటి, తన మూలంగా పోతుందన్న బాధ ఇంకొకటి.

టీచరు వచ్చే తేదీని బడి జరిగే రోజుల్లోనే పడేలా చూసి, ఫ్రిజ్ మీది క్యాలెండర్లో రాసుకున్నాడు. ఇంతలో సిన్నోవె తోటి ఉద్యోగి కోసం తన వంతు ఒక వారం తర్వాతకు జరుపుకుంది. ఆ ఇంటి అలవాటు ప్రకారం టోర్ఫిన్ క్యాలెండర్లో ఉన్నవన్నీ ఒక వారం తర్వాతకు జరిపాడు. పొయ్యి గొట్టం శుభ్రం చేయడం జరిపాడు, ఆమె వచ్చే రోజు చేసే కేకు జరిపాడు, ఆ ఊపులో మార్గున్ టీచర్నీ జరిపేశాడు. ఆవిడకు చెప్పాలన్న ఊహే తట్టలేదు. ఆ ఇంట్లో తేదీలు జరిగితే మనుషులు కూడా జరుగుతారు మరి.

టీచరు అసలు తేదీనే వచ్చింది. ఇంటికి తాళం. వేసవంతా చిన్న లంక మీద మేసిన గొర్రెల్ని పడవలో ఇంటికి తీసుకు రావడానికి సిన్నోవెతో సహా ముగ్గురూ వెళ్ళారని ఐలిఫ్ చెప్పాడు. చెప్పి ఊరుకోక, ఆవిడకు లైఫ్ జాకెట్ తొడిగి తన పడవలో తీసుకెళ్ళాడు.

పడవలో కూర్చున్న మనిషిని చూసి టోర్ఫిన్ పట్టుకున్న గొర్రెను వదిలేశాడు.

"టీచర్, మీరు వచ్చే మంగళవారం కదా..."

"ఏ మంగళవారమూ నిన్ను అడిగి రాదు టోర్ఫిన్" అని ఆవిడ జాగ్రత్తగా రాళ్ళ మీదికి దిగింది. "వచ్చాను గనక ఇక్కడే చూస్తా. ఈడున్, గొర్రెలు పదిహేడు. పడవలో ఆరు పడతాయి. ఎన్నిసార్లు తిరగాలి?"

"రెండూ ఐదు బై ఆరు. కానీ పడవ ఐదు బై ఆరు సార్లు వెళ్ళదు కదా టీచర్, మూడుసార్లు."

ఐలిఫ్ పకపకా నవ్వాడు. టీచరు నవ్వలేదు.

"దాణా రెండున్నర బకెట్లుంది. గొర్రెకు పావు బకెట్టు. ఎన్ని గొర్రెలకు వస్తుంది?"

ఈడున్ పెదవులు కదిపింది. "ఐదు బై ఎనిమిది."

వసంతంలో తప్పిన చోటే మళ్ళీ తప్పింది. సిన్నోవె గొర్రె మెడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. టోర్ఫిన్ వచ్చి పిల్ల పక్కన కూర్చున్నాడు.

"ఈడున్, నాకు ఐదు బై ఎనిమిది గొర్రెను చూపించమ్మా."

పిల్ల గొర్రెల వైపు చూసింది. కిసుక్కున నవ్వింది. "అలాంటిది లేదు నాన్నా. కాళ్ళు తక్కువవుతాయి."

"మరి ఏం చేశావు?"

"గుణించేశాను. భాగించాలి." తడి ఇసుకలో పుల్లతో గీసింది. "ఒక్కో బకెట్టులో నాలుగు పావులు. రెండిట్లో ఎనిమిది, సగంలో రెండు. పది గొర్రెలకి."

"మిగతా ఏడింటికి?" అంది టీచరు.

"ఇంకా ఒకటీ ముప్పావు బకెట్టు తేవాలి" అంది పిల్ల, అడిగినవాళ్ళకు ఆమాత్రం తెలియదా అన్నట్టు.

మార్గున్ టీచరు రాతి మీద కూర్చుని కాగితం మీద చాలాసేపు రాసింది. "పిల్ల ఇక్కడే చదువుతుంది. తప్పు చేసిన పిల్లను నవ్వించి దిద్దడం నాకు ముప్పై ఏళ్ళలో చేతకాలేదు టోర్ఫిన్. కానీ ఒక షరతు. నెల నెలంతా పుస్తకం మూసేస్తే ఒప్పుకోను. తల్లి ఉన్నప్పుడు కూడా రోజుకు రెండు గంటలు చెప్పాలి."

టోర్ఫిన్ సంతోషం సగంలోనే ఆగిపోయింది. గొర్రెలతో తిరిగి వస్తూ పడవలో భార్య మొహం చూడలేకపోయాడు.

"రెండు గంటలేగా... పొద్దున్నే, నువ్వు లేవకముందే కానిచ్చేస్తాం. నీ రోజులు నీకే ఉంటాయి" అన్నాడు.

"ఏమయ్యా, నేను లేవకముందు ఎందుకు?" అంది సిన్నోవె. "నాలుగేళ్ళయింది. నా మొగుడు నా కూతురికి పాఠం చెప్పడం ఇవాళే మొదటిసారి చూశాను. నేను రాగానే మీరు అటక మీద పెట్టేది పుస్తకాలు అనుకున్నారా? నన్ను!"

ఇంతకాలం ఆమె రోజులు ఆమెకు మిగిల్చానని అనుకుంటూ, ఆమెను ఈ బడికే దూరం చేశానని టోర్ఫిన్‌కు ఇప్పుడు తెలిసింది.

మర్నాడు తొమ్మిదింటికి వంటింట్లో బడి మొదలైంది. సిన్నోవె బల్ల చివర చేతులు కట్టుకుని కూర్చుంది. మార్గున్ టీచరు ముందు జంకని టోర్ఫిన్ భార్య ముందు జంకాడు. చాక్‌పీసు రెండుసార్లు విరిగింది.

భిన్నాలు చెప్పడం అయ్యాక సిన్నోవె ఏదో అనబోయింది.

"అమ్మా, మాట్లాడాలంటే చెయ్యెత్తాలి" అంది ఈడున్.

రిగ్గు మీద రోజంతా లెక్కలతోనే పని చేసే సిన్నోవె బుద్ధిగా చెయ్యెత్తింది.

"నాకు అర్థం కాలేదు పంతులుగారూ. మళ్ళీ చెప్పండి."

టోర్ఫిన్ నల్లబల్ల తుడిచి మొదటినుంచి మళ్ళీ చెప్పాడు.