ఎడమ కమ్మలో నడిమి రాయి

దెయ్యాలను నేను నమ్మను. ఆ మాటకొస్తే మనుషుల్ని కూడా అంత తొందరగా నమ్మను. కూరగాయలు కొంటే తక్కెడ ముల్లు ఎటు వాలిందో చూస్తాను. బస్సులో పక్కనామె కునికిపాట్లు పడుతుంటే అది నిజంగా నిద్రేనా అని ఒక కన్ను వేసి ఉంచుతాను. హిందూపురంలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. నేను పరీక్ష గదిలోకి వస్తుంటే పిల్లలు చీటీలన్నీ నోట్లో వేసుకుని మింగేవాళ్లని మా హెడ్మాస్టరు నవ్వేవాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి "పాపం, అమాయకురాలు, ఏదో భ్రమపడింది" అని ఎవరూ జాలిపడకూడదని. భ్రమపడే రకాన్ని కాదు నేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తొంభై తొమ్మిదిలో మా తమ్ముడు రఘుకు ధర్మవరం సంబంధం కుదిరింది. అమ్మాయి వాళ్లది మగ్గాలున్న ఇల్లు, పట్టుచీరలు నేసి అమ్ముతారు. మా అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నన్నూ రఘునూ పెంచింది నాయన తల్లి, మా అవ్వ. ఆమె కూడా ఆ నిశ్చితార్థానికి రెండేళ్ల ముందు పోయింది.

పోయేముందు అవ్వ తన ఏడు రాళ్ల కెంపుల కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది. "ఇవి నీకు గాదు. రఘు పెండ్లాము వేలికి పోవాల. నడిమి రాళ్లు రెండూ పెట్టి ఉంగరం చేపియ్యి" అంది. అవి అవ్వకు వాళ్ల అమ్మ ఇచ్చిన కమ్మలు. ఒక్కో కమ్మలో చుట్టూ ఆరు చిన్న కెంపులు, నడుమ ఒక పెద్దది.

కమ్మలు రెండేళ్లు నా బీరువాలోనే ఉన్నాయి. నా భయమంతా అదే. ఆడబిడ్డ బీరువాలో ఉన్న నగలో రవ్వంత తేడా వచ్చినా ముందు వచ్చేది ఆడబిడ్డ పేరే. రఘు నా చేతుల్లో పెరిగినవాడు. వాడి ముందు దొంగగా నిలబడాల్సి వస్తే నేను తట్టుకోలేను.

నాయనకు ఎందుకో ఈ ఉంగరం ఇష్టం లేదు. "పాత రాళ్లు ఎందుకు పాపా, కొత్త ఉంగరం కొందాం" అన్నాడు. అవ్వ మాట అని నేను పట్టుబట్టాను. "అయితే నేనే పెనుకొండ కంసలాచారి దగ్గరికి తీసుకపోతాలే, నువ్వు బడి మానుకోవద్దు" అన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. అప్పటికే ధర్మవరం వాళ్లకు జోడు కెంపుల ఉంగరం పెడతామని చెప్పేశాం. పెద్దాయన చాదస్తం అనుకుని కమ్మలు నా సంచిలో వేసుకున్నాను.

మావైపు రాళ్లు పీకే పని ఆచారికి అప్పగించి ఇంటికి వచ్చేయడం ఉండదు. పని అయ్యేదాకా ఇంటి మనిషి ఒకరు ఎదురుగా కూర్చోవాలి. ఆచారులు కూడా దాన్ని తప్పు పట్టరు. అందుకోసమే అంగట్లో ఒక బల్ల వేసి ఉంచుతారు. ఆ బల్ల మీద కూర్చోవడానికి నా అంత తగిన మనిషి మా వంశంలోనే లేదు.

ఒక ఆదివారం పొద్దున ప్యాసింజర్ ఎక్కి పెనుకొండలో దిగాను. ఆచారికి అరవై దాటి ఉంటాయి. ఆయన అంగడి అంటే ఇంటి ముందు గదే. వీధిలోకి ఒక వాకిలి, దాని ముందు మూడు మెట్లు. ఇంటి లోపలికి తెర వేసిన ఇంకో వాకిలి. టైము పదకొండు, ఎండ గడప దాకా వచ్చి ఉంది.

నేను కూర్చున్న కాసేపటికి ఒక ముసలామె వచ్చి నా కుడి పక్కన కూర్చుంది. వీధిలోంచి వచ్చిందా, తెర వెనక నుంచి వచ్చిందా నేను గమనించలేదు. నేను చేసిన మొదటి పని సంచిని ఎడమ పక్కకు మార్చుకోవడం. తర్వాత ఒకసారి చూశాను. వక్క రంగు నేత చీర, తెల్లజుట్టు. నావైపున్న ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి వేలాడుతోంది. బరువైన కమ్మలు పెట్టుకున్న పాతకాలం ఆడవాళ్లకు అలా తెగడం చూసిందే. ఆచారి ఇంటి మనిషి అనుకున్నాను. ఆ తర్వాత మళ్లీ ఆమెవైపు చూడలేదు. నా చూపంతా ఆచారి వేళ్ల మీదే.

ఆచారి వాకిట్లోకి తొంగి చూసి, ఎదురు టీ అంగడి ఆయనకు కేకేసి మూడు టీలు చెప్పాడు. ఆయనే తెచ్చి బల్ల చివర పెట్టి పోయాడు.

ముందు కుడి కమ్మ విప్పాడు. నడిమి రాయి బయటికి రాగానే ముందుకు వంగి చూశాను. కమ్మలో చిక్కటి ఎరుపు ఉన్న రాయి, ఆయన అరచేతిలో వెలసిపోయి ఉంది.

"ఏంది ఆచారీ ఇది? లోపల ఎర్రగా ఉండె, బయటికొస్తే నీళ్ల మాదిరి ఉండాదే!" అని గట్టిగానే అడిగాను.

"పాత పనిలో రాయి కింద ఎర్ర రేకు పెడతారు టీచరమ్మా. చూడండి" అని ఆ రాయిని మళ్లీ రేకు మీద పెట్టాడు. ఎర్రబడింది. కాంతి ఎలా తిరిగివస్తుందో పిల్లలకు పాఠం చెప్పేది నేనే. అయినా ఆ రాయిని రెండుసార్లు పెట్టించి, తీయించి చూశాను.

తర్వాత ఎడమ కమ్మ పట్టుకున్నాడు. మరలు తారుమారు కాకుండా అవ్వ ఆ కమ్మకు గుర్తుగా దారం చుట్టుకునేది. ఆయన చిన్న ఉలితో నడిమి రాయి దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న ముసలామె నోరు విప్పింది.

"అది రాయి గాదులే. గాజు. ఇంట్లోనే మారింది. ఆచారిని ఏమీ అనొద్దు."

గొంతులో ఏ వింతా లేదు. పొయ్యి మీద పాలు చూసుకో అన్నట్టు అంది.

ఆచారి చేయి ఆగిపోయింది. భూతద్దం తీసి కమ్మను వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. "అవునమ్మా, లోపల బుడగలుండాయి" అని నా చేతికి ఇచ్చాడు. నేనూ చూశాను. గుండ్రటి బుడగలు రెండు. కెంపులో అలాంటివి ఉండవు. నీకెట్లా తెలుసని అడుగుదామని కుడివైపు తిరిగాను. బల్ల ఖాళీగా ఉంది.

అప్పుడు నాకు భయం వేయలేదు. ఒళ్లు మండింది. ఇదంతా నాటకం అనుకున్నాను. ఒకరు మాటలు చెప్పి చూపు మళ్లించాలి, ఇంకొకరు రాయి మార్చాలి. ఆ ముసలాయనను రాయరాని మాటలన్నాను. పోలీసు స్టేషనుకు పోతానన్నాను. ఆయన నా చేతిలోని కమ్మను చూపించాడు. "అమ్మా, రాయి నేనింకా పీకనే లేదు. కమ్మలోనే ఉండాది చూడమ్మా" అన్నాడు.

నిజమే. గాజు రాయి కమ్మలోనే గట్టిగా కూర్చుని ఉంది. పీకని రాయిని ఎవరు మార్చగలరు?

ఆయన నా కళ్ల ముందే దాన్ని తీశాడు. దాని కింద ఉన్న లక్క, కుడి కమ్మ రాయి కింద ఉన్న లక్క ఒకటి కాదు. "ఇది మా చేతి పని గాదు. పది పన్నెండేండ్ల కిందట యాడనో చేపిచ్చినారు" అన్నాడు. తర్వాత ఇలా అన్నాడు. "మీ పెద్దామెను అడగండి. తెలిసే గదా చెప్పె. పాపం, టీ గూడా తాగకుండా పాయె."

"నా పెద్దామె ఎవరు? ఆమె మీ ఇంటామె కదా?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. లోపల ఆయన భార్య ఒక్కతే ఉంది, చింతపండు ఒలుస్తోంది. ఇంకెవరూ రాలేదంది. నేను ఊరుకుంటానా? తెర తీసుకుని లోపలికి పోయాను. ఒక గది, వంటిల్లు, పెరడు. పెరటి గోడ నాకంటే ఎత్తు, పైన గాజుపెంకులు గుచ్చి ఉన్నాయి. బయటికి వచ్చి టీ అంగడి ఆయన్ని అడిగాను. "ఆచారి మూడన్నాడు, మూడు పెట్టినా. ఎవురుండారో నేను చూడలే" అన్నాడు. పక్కన సైకిలు అంగడి అబ్బి నేను ఒక్కదాన్నే మెట్లెక్కడం చూశానన్నాడు. అతనేమీ పొద్దుటినుంచీ ఆ మెట్లనే చూస్తూ కూర్చోలేదు కాబట్టి ఆ సాక్ష్యాన్ని నేను పెద్దగా లెక్కలో వేసుకోలేదు. బల్ల చివర మూడో గ్లాసు నిండుగా ఉంది, పైన మీగడ కట్టి.

ఆచారికి క్షమాపణ చెప్పాను. అంత తేలిగ్గా వచ్చే మాట కాదది, నా నోటికి. ఒక్క కెంపుతోనే ఉంగరం చేసి నాలుగు రోజుల్లో ఇచ్చాడు.

రఘు ఉంగరం చేతిలో పట్టుకుని అటూఇటూ తిప్పాడు. "జోడు అంటివి గదక్కా. రెండోది యాడ పాయె?" అన్నాడు. మామూలుగానే అడిగాడు. అడుగుతూ నా చెవుల వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఏడుపు ఆపుకుంటూ అంతా చెప్పాను. ముసలామె సంగతి వచ్చేసరికి వాడు నవ్వేశాడు. నాయన నవ్వలేదు.

"ఆమె ఎట్లుండె?" అని అడిగాడు.

చీర రంగు చెప్పాను, తెగిన చెవి చెప్పాను. నాయన మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. రఘుతో అన్నాడు. "ఆ రాయి మీ తాత మార్పిచ్చినాడు. నాకు తెలుసు. అక్కను ఏమీ అనొద్దురా."

వాడు వెంటనే నా చేయి పట్టుకున్నాడు. ధర్మవరంలో నిశ్చితార్థం బాగానే జరిగింది. ఒంటి రాయి వేలికి ఇంపుగా ఉందని అమ్మాయి తల్లి మెచ్చుకుంది కూడా. నా పేరు నిలబడిందన్న సంబరంలో వేయాల్సిన లెక్క ఒకటి వేయలేదు. ఆచారి చెప్పింది పది పన్నెండేళ్లు. మా తాత పోయింది నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు.

రెండు వేల ఆరులో నాయన పోయాడు. దినాలకు పెనుకొండ నుంచి మేనత్త, అంటే నాయన చెల్లెలు, వచ్చి మా ఇంట్లో ఉంది. ఒక మధ్యాహ్నం మాటల్లో ఆ రాయి గురించి అడిగాను.

"మా నాయన, అంటే మీ తాత, ఆ కమ్మలు ముట్టనే ముట్టలే" అంది అత్త. "నీకు బీఎడ్ సీటొచ్చిన ఏడాది మీ నాయన ఎడమ కమ్మ మర వదులైందని అనంతపురం తీసుకపోయినాడు. నాలుగు దినాలకు కమ్మా తెచ్చినాడు, నీ ఫీజూ కట్టినాడు. మా యమ్మ అద్దంలో చూసుకునె, ఏమీ అనకుండా పెట్టుకునె. నాకు ఒక్కదానికే చెప్పె, యాడా అనొద్దనె."

తెగిన చెవి గురించి కూడా అడిగాను. అత్త కళ్లు పెద్దవి చేసింది. "మా యమ్మ వాళ్లమ్మకు ఎడమ చెవి తెగింటాది. నువ్వు పుట్టకముందే సచ్చిపాయె గదా. నీకెట్ల తెలుసు?"

ఆమె ఫోటో ఎవరి దగ్గరా లేదు.

నేను చేతనైనంత ఆలోచించాను. చిన్నప్పుడు అవ్వ ఎప్పుడో చెప్పిన తెగిన చెవి కథ నా తలలో ఉండి, అలా కనిపించిందేమో. మరి ఆచారి ఎవరిని చూసి మూడు టీలు చెప్పాడు? అత్త మీద కూడా అనుమానపడ్డాను, ఆ కమ్మల మీద ఆమెకు ఎప్పటినుంచో ఆశ ఉండేది. కానీ అబద్ధం చెబితే ఆమెకు ఒరిగేదేమిటో నాకు తోచలేదు. ఆచారిని ఇంకోసారి అడుగుదామని పోతే ఆయన అప్పటికే లేడు.

లోకంలో అందరినీ అనుమానించాను. నాయన్ను మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. ఆ రాయి పోయింది నా చదువుకని తెలిశాక ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు, ఏడుపే వచ్చింది.

ఆ ముసలామె ఎవరో, ఎట్నుంచి వచ్చి ఎట్లా పోయిందో ఇప్పటికీ చెప్పలేను. ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజు ఆమె అడ్డుపడకపోయి ఉంటే రాయి బయటికి తీశాక ఆ గాజు సంగతి తెలిసేది. నేను ఆచారిని వదిలేదాన్ని కాదు, నలుగురిలో దొంగను చేసి స్టేషను మెట్లెక్కించేదాన్ని. అప్పుడు నాయన వచ్చి "నేనే మార్చినా" అనేవాడా? లేక ఆ ముసలాయన తల దించుకుని నిలబడి ఉంటే చూస్తూ ఊరుకునేవాడా? అది నాకు తెలియకుండానే పోయింది. తెలుసుకోవాలని కూడా లేదు.