ఇద్దరు డ్రైవర్లకు ఒకటే కుర్చీ

కాలేజీ గణితశాఖ ల్యాబులో తొమ్మిదేళ్ళుగా టెంపరరీగా పడి ఉన్న అతన్ని అందరూ బ్రాకెట్ అనే పిలిచేవారు. లెక్కల సాఫ్ట్‌వేరు అతనికెవరూ నేర్పలేదు. చిరిగిన మాన్యువల్‌తో కుస్తీపట్టి నేర్చుకున్నాడు. ఎంతటి బీజగణిత సమాసాన్నైనా జంట బ్రాకెట్లలో ఇరికించి ఒకటో ముక్క, రెండో ముక్క అని ఒలిచి చూపించేవాడు. సున్నా అని అడిగితే మాత్రం ముక్క రాదు, ముక్కలన్నిటినీ కట్టి ఉంచే 'హెడ్' వస్తుంది, అంటే అది కూడికో జాబితాయో చెబుతుంది. ఈ విద్య ఇంట్లో వివరించబోతే, "ముందు ఆ ఉల్లిపాయలు ఒలువు" అంది భార్య.

వార్షికోత్సవం వచ్చింది. శాఖకు పెద్దయిన హెడ్‌గారు ఒక కాగితం చేతికిచ్చారు. "కుర్చీలకు చీటీలు తప్పుల్లేకుండా తియ్యి. నీ పర్మినెంటు ఫైలు మీద సంతకం పెట్టేస్తా."

కాగితం మీద 'ప్రిన్సిపాల్ + లైబ్రేరియన్ + డ్రైవర్ + డ్రైవర్ + అటెండర్' అని ఉంది. చేత్తో రాస్తే అయిదు నిమిషాల పని. కానీ బ్రాకెట్ చేత్తో రాస్తాడా? సాఫ్ట్‌వేరులో కామాలు పెట్టి జాబితా చెయ్యాల్సిన చోట, పెద్దాయన రాతను దిద్దడమెందుకని ప్లస్సులే కొట్టాడు. ముక్కముక్కా తీసి అచ్చు వేయించాడు. అటెండరు వాటిని వచ్చిన వరసలోనే అంటించాడు.

కూడికకు హోదాలేం తెలుసు? అందర్నీ అక్షరక్రమంలో సర్దేసింది. ఒకేలాంటివి రెండుంటే కలిపేసింది. మొదటి కుర్చీలో అటెండరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీ మీద '2 డ్రైవర్' అని ఉంది. ప్రిన్సిపాల్‌గారిది ఆ తర్వాతది.

డ్రైవర్లిద్దరూ బావాబావమరుదులు. ఒక గొడుగు దగ్గర తగువొచ్చి నాలుగేళ్ళుగా మాటల్లేవు.

"జరుగు."

"ఎక్కడికి జరగను బావా, నీ ఒళ్ళోకా?"

"నా గొడుగేదిరా?"

"మా ఇంట్లోనే ఏడుస్తోంది, వచ్చి పట్టుకుపో!"

హాలంతా గొల్లుమంది. హెడ్‌గారి మొహం మాడిపోయింది. "తప్పెక్కడుందో ఇప్పుడే తేల్చు!"

బ్రాకెట్ ల్యాప్‌టాప్ తెరిచి సున్నా అని అడిగాడు. జాబితా ఉండాల్సిన చోట కూడిక ఉంది. ఆనందం పట్టలేక అరిచాడు: "దొరికింది సార్! ముక్కలన్నీ బాగానే ఉన్నాయి. తప్పంతా హెడ్‌లోనే ఉంది!"

హెడ్‌గారు కుర్చీలోంచి లేచారు. ఏమన్నాడో అతనికప్పుడు వెలిగింది.

"అయ్యో, మీరు కాదు సార్... సున్నా!"

పదో ఏడూ టెంపరరీయే. కాకపోతే ఇప్పుడు సాయంత్రాలు డ్రైవర్లిద్దరూ ల్యాబుకు టీ తాగడానికి వస్తారు. ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా ఒకే స్టూలు మీద కూర్చుని, జరగమంటూ పోట్లాడుకుంటారు.