మేస్త్రీ బిగించిన గడియ

నాటక బృందంలో వడ్రంగి మేస్త్రీకి మాటల్లేవు. తలుపు ఒక్కటే ఆయనది. మత్తుకు అలవాటుపడ్డ కొడుకు గదిలో గడియ పెట్టుకుంటాడు, తల్లి బయట ఏడుస్తుంది, కొడుకు తలుపు తీస్తాడు, ఇద్దరూ కలిసి నీతి చెబుతారు. అదీ నాటకం. కొడుకు వేషం వేసేది ముప్పై ఆరేళ్ల బస్సు కండక్టరు.

పదకొండు బళ్లలో ఆడారు. చివర్లో "ఏమైనా అడగండి పిల్లలూ" అంటే ఇప్పటిదాకా ఒక్కడే చెయ్యెత్తాడు. "ఇంటికెళ్లొచ్చా?" అన్నాడు. పన్నెండో బడిలోనూ ఇంతే అయితే ఆపేద్దామని బృందం పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు, తేల్చేశారు.

పన్నెండో బడికి వెళ్లే ఉదయం మేస్త్రీ బొమ్మ గడియ పీకేసి అసలు సిసలు ఇనుప గడియ బిగించాడు. చప్పుడు నిజంగా ఉండాలని ఆయన పట్టుదల. నూనె వెయ్యడం మరిచాడు. ముప్పై ఏళ్ల పనిలో అదే మొదటిసారి.

"నాన్నా, తలుపు తియ్యరా!" అని తల్లి ఏడ్చింది. లోపల కండక్టరు గడియ లాగాడు. మళ్లీ లాగాడు.

"రావట్లేదే అమ్మా," అన్నాడు. అది రాసిన మాట కాదు.

పదో తరగతి పిల్లలు పగలబడ్డారు. "తన్నండాంటీ!" అని వెనక బెంచీ సలహా ఇచ్చింది.

మేస్త్రీ స్క్రూడ్రైవర్ పట్టుకుని వేదిక ఎక్కి, తలుపు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"గడియతో కుస్తీ పట్టకూడదు. బందులు విప్పాలి," అన్నాడు మర తిప్పుతూ. "బందుకి నాలుగు మరలు. మా తమ్ముడు మత్తెక్కి లోపల పడిపోయినప్పుడు నాకిది తట్టలేదు. వడ్రంగినే. అరగంట పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నా."

వెనక బెంచీ ముందుకు వంగింది.

"ఉన్నాడా అంకుల్?" అన్నాడొకడు.

"ఉన్నాడు. కుడి చెయ్యి లేవదు. వాడి గదికిప్పుడు తలుపు లేదు."

తలుపు ఊడొచ్చింది. కండక్టరు బయటికొచ్చి, నీతి మరిచిపోయి నిలబడ్డాడు.

సామాను సర్దుతుంటే ఒక అమ్మాయి వచ్చింది. "అంకుల్, ఆ స్క్రూడ్రైవర్ ఏ సైజు?"

"ఎందుకమ్మా?"

"మా అన్న గదికి."

"తలుపు ఎటు తెరుచుకుంటుంది?"

"లోపలికి."

"అయితే బందులు బయటికి కనబడవు. దీంతో పని కాదు, ఉలి కావాలి."

"రావయ్యా, వ్యాన్ బయల్దేరుతోంది," అని మాస్టారు కేకేశారు.

"మీరు పదండి మాస్టారూ. మీ అమ్మ ఇంట్లో ఉందా తల్లీ?"

"ఉంది."

మేస్త్రీ సంచీలో ఉలి ఉందో లేదో చూసుకుని, భుజాన వేసుకున్నాడు.