మారేడుమిల్లి ఉడతలు, మా అన్నయ్యగారి సంచులు

మారేడుమిల్లి కొండలు చూడ్డానికి చాలామంది వెళ్తారు. నేను మాత్రం మా ఆడపడుచు భర్త సూర్యారావు అన్నయ్యగారి గుట్టు పట్టుకోవడానికి వెళ్ళాను.

ఆయనది రావులపాలెంలో అరటిపళ్ళ వ్యాపారం. కొన్నాళ్ళుగా ఆదివారం వస్తే చాలు, ఫోను పట్టుకుని కొండలెక్కి, మంచునీ వాగుల్నీ అడవి జంతువుల్నీ వీడియోలు తీసి యూట్యూబులో పెడుతున్నారు. వాటిలో బెట్టుడుత, అంటే పిల్లి అంత ఉండే ఎర్రటి అడవి ఉడత, పెళ్ళిచూపులకు వచ్చినట్టు ఎదురుగా కూర్చుంటుంది. నేనూ సెలవుల్లో కెమెరా వేసుకుని తిరిగేదాన్నే. మెడ పట్టేసేదాకా చెట్టుకింద నిలబడితే నాకు దొరికింది తోక కొస. ఈయనకు ప్రతివారం మొహం చూపిస్తుందా? ఎవరి వీడియోలో తెచ్చి పెట్టుకుంటున్నారని నా అనుమానం. మా ఇంట్లో నన్ను సీఐడీ అంటారు. అననివ్వండి.

ఆ అనుమానం కడుపులోనే దాచుకుందును గానీ, నిడదవోలులో నేను సైన్సు చెప్పే పిల్లలు ఆ వీడియోలు చూసి, "మమ్మల్నీ తీసుకెళ్ళండి టీచర్" అని వెంటపడ్డారు. "నేను చూపిస్తానమ్మా, తీసుకురా" అని అన్నయ్యగారు మాట కూడా ఇచ్చేశారు. సోమవారం హెడ్మాస్టరు గారికి ఏ సంగతీ తేల్చి చెప్పాలి. అందుకని ఆ ముందు ఆదివారం నేనొక్కదాన్నీ ఆయన వెంట బయలుదేరాను.

నిడదవోలులో ఆరున్నరకు పాసింజరు ఎక్కితే కొవ్వూరు దాటి, గోదావరి మీదుగా రాజమండ్రి. స్టేషన్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్సుకు ఆటో. అక్కడే ఇడ్లీ తినేయండి, తర్వాత మంచి టిఫిను దొరుకుతుందని నమ్మకం లేదు. అన్నయ్యగారు అప్పటికే బస్సులో నాకు సీటు ఆపి కూర్చున్నారు. కాళ్ళ దగ్గర రెండు పెద్ద సంచులు. బస్సంతా చక్కెరకేళి వాసన.

"ఇవేంటండీ అన్నయ్యగారూ?"

"దారిలో తినడానికమ్మా."

ఇద్దరికి రెండు సంచులా! గోకవరంలో ఎక్కిన ఒక ముసలాయన కూడా ఆశ్చర్యపోయాడు. "ఏదైనా శుభకార్యానికి వెళ్తన్నారేంటండీ, ఇన్ని పళ్ళు?" అని అడిగాడు. అన్నయ్యగారు సిగ్గుపడుతూ, "అలాంటిదేనండి" అన్నారు. దాంతో నా అనుమానం దారి మళ్ళింది. ప్రతి ఆదివారం, కొండల మీదికి, మంచి పళ్ళు మోసుకుని... మా ఆడపడుచు మొహం కళ్ళముందు మెదిలింది. రంపచోడవరం దాటాక వెదురుపొదలూ కొండమలుపులూ ఎంత బాగుంటాయో అందరూ చెబుతారు. నేను వాటిని సరిగ్గా చూడలేదు. ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.

పదకొండు అవుతుండగా మారేడుమిల్లిలో దిగాం. అక్కడినుంచి ఆటోలో ఘాట్ రోడ్డు మీద ఒక వాగు దాకా వెళ్ళాం. అన్నయ్యగారు సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి గలగలలాడించారు. ముందు కోతులు దిగాయి. ఆ వెనక, కొమ్మల్లోంచి ఎర్రటి తోక వేలాడేసుకుని, సాక్షాత్తూ బెట్టుడుత! ఆయన పండు ఒలిచి రాతి మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి ఫోను ఎత్తారు. వీడియోలు ఆయనవే. నాకు సంతోషం, కోపం ఒక్కసారే వచ్చాయి.

"అడవి జంతువులకు తిండి పెట్టకూడదని అక్కడ బోర్డుంది, చూళ్ళేదా అన్నయ్యగారూ?"

"బోర్డు ఊరికే గోల చేసేవాళ్ళకమ్మా. ఎవరింటికైనా ఒట్టి చేతులతో వెళ్తామా? ఇది వాటిల్లు. అందులోనూ మచ్చపడ్డ పళ్ళు పెడితే ఏం మర్యాద? గెలల్లో మంచిది చూసి ముందే పక్కన పెట్టిస్తాను."

ఆయన మొహంలో ఎక్కడైనా కపటం ఉందేమోనని వెతికాను. దొరకలేదు. మా గోదావరి వాళ్ళ మర్యాద అడవిదాకా వచ్చిందనుకుని నవ్వుకున్నాను కూడా.

తిరుగు బస్సుకు టైముందని దగ్గరలోని టీ కొట్టులో కూర్చున్నాం. నేను బిస్కట్ ప్యాకెట్టు చింపానో లేదో, ఒక కోతి ఒళ్ళోకి దూకి లాక్కుపోయింది. కొట్టావిడ కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"కవర్లు తియ్యకండమ్మా! ఎవరో ఆదివారం ఆదివారం పళ్ళు తెచ్చి పెడతన్నారంటండి. కవరు చప్పుడైతే చాలు, మీద పడిపోతన్నాయి. మా పిల్లని చూడండి."

నాలుగేళ్ళుంటాయి ఆ పిల్లకు. మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు. కోతి గీరిందట. ఇంజెక్షన్ల కోసం రంపచోడవరం ఆసుపత్రికి తిరుగుతున్నారట.

అన్నయ్యగారు టీ గ్లాసు కింద పెట్టేశారు. ఆయన మాట దాటేస్తారనే అనుకున్నాను, నా బుద్ధి అలాంటిది.

"ఆ పళ్ళు పెట్టేది నేనేనమ్మా" అన్నారు.

ఆవిడ చేతిలో కర్ర గోడకి ఆనించింది. "పెద్దవారు, మిమ్మల్నేమంటానండి? మీరు పెట్టి వెళ్ళిపోతారు. మిగతా రోజులు అవి మా దగ్గరికొస్తాయి" అని, పిల్లను లోపలికి తీసుకెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మూడింటి బస్సెక్కాం. ఈసారి కొండలు చూశాను. అందమైన దారి, తప్పకుండా వెళ్ళండి. మంచు కావాలంటే చలికాలం మంచిది. వాగు దగ్గర మాత్రం దేనికీ ఏమీ పెట్టకండి, జంతువు కనబడకపోతే తోక కొసతోనే సరిపెట్టుకోండి. గోకవరం దాటాక, "మా బడి పిల్లల్ని ఇంక తీసుకురానండీ" అన్నాను. ఆయన తలూపారు.

రాజమండ్రి చేరేసరికి దీపాలు పెట్టేశారు. కాంప్లెక్సులో రావులపాలెం బస్సు దగ్గర అన్నయ్యగారు ఆగిపోయారు.

"ఇంక వెళ్ళనమ్మా. కానీ వచ్చే ఆదివారం అవి దిగి వచ్చి నాకోసం చూస్తుంటాయి కదా. రానని వాటికెలా తెలుస్తుంది?"

కండక్టరు పిలుస్తున్నాడు. ఆయన ఎక్కలేదు. సైన్సు టీచర్ని కదా, ఏదైనా చెబుతానేమోనని నా వంకే చూస్తూ నిలబడ్డారు.