డోరీన్ అరిచిన ఒక్క మాట

మా తమ్ముడు గెథిన్ కట్టుకున్న డోరీన్ లివర్‌పూల్ పిల్ల. మా కొండకు వచ్చి పదకొండేళ్లయినా మా వెల్ష్ భాషలో నోరు విప్పలేదు. పొగరని ఊరంతా అనేది, అందరికన్నా గట్టిగా నేనే అనేదాన్ని. నిజానికి ఆమె రెండు ముక్కలు మొదలుపెట్టగానే మేమే ఇంగ్లీషులోకి దూకేవాళ్లం. అది మర్యాద అనుకునేవాళ్లం. ఒకసారి చాపెల్లో ప్రార్థనయ్యాక వెల్ష్‌లో టీ అడగబోతే, మాట పూర్తికాకముందే నేను ఇంగ్లీషులో జవాబిచ్చి కప్పు చేతిలో పెట్టాను. ఆ తర్వాత ఆమె మళ్లీ ప్రయత్నించలేదు.

అక్టోబరులో గొర్రెలను కొండ దించుతున్నాం. నేను కింద గేటు దగ్గర ఉన్నాను. పైన డోరీన్‌తో ఉన్న గెథిన్ తడి గడ్డిమీద జారి, రాతిగోడ మీద పడ్డాడు. పక్కటెముకలు విరిగాయి. కుక్కను ఆపేలా ఈల వేయడానికీ, అరవడానికీ ఊపిరి లేదు. అతని కుక్క మోట్ మాత్రం మందను తరుముతూనే ఉంది, నేరుగా పాత రాతి క్వారీ గుంత వైపు. అరవై గొర్రెలు. మా ఏడాది తిండి.

నేను అరిచాను. ఎదురుగాలికి నా అరుపు నా ముఖానికే తిరిగొచ్చింది. పైనున్నవాళ్ల మాటలు మాత్రం నాకు స్పష్టంగా వినబడుతున్నాయి.

డోరీన్ కుక్కను పడుకోమని ఇంగ్లీషులో అరిచింది. మోట్ చెవి కూడా కదపలేదు. దానికి ఇంగ్లీషు ఎవరు నేర్పారు గనక?

“మన మాటలో చెప్పవే!” గెథిన్ మూలిగాడు.

“నాకు రాదు. కింద మీ అక్క వింటోంది.”

“విననీ, దాని మొహం! ‘గోర్వెద్’ అను. పడుకో అని. రోజూ అంటుంటే వినలేదా?”

“గోర్వెద్,” అంది, పొరుగింట్లో పంచదార అడిగినట్టు. మోట్ ఒకసారి వెనక్కి చూసి, తన పని తాను చేసుకుపోయింది.

“అడుక్కోకే! చెప్పు!”

ముందున్న ముసలి గొర్రె కాలు అంచు మీద పడింది. ఒక పలకరాయి ఊడి లోపలికి జారింది. అది అడుగున పగిలిన చప్పుడు ఎంతకీ రాలేదు.

“గోర్వెద్!”

ఈసారి కడుపులోంచి వచ్చింది. మోట్ నేలకు అతుక్కుపోయింది. దాంతోపాటు గేటు దగ్గర నేనూ చతికిలబడ్డాను. వెనక ఒత్తిడి ఆగగానే మంద నిలిచిపోయింది. ముసలి గొర్రె మెల్లగా ఇటు తిరిగింది.

పొరుగువాళ్లు వచ్చి గెథిన్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లాక, వంటింట్లో మేమిద్దరమే మిగిలాం. డోరీన్ కెటిల్ పొయ్యి మీద పెట్టింది.

“వదినా… మీకు… టీ… తాగడం…” వెల్ష్‌లో మొదలుపెట్టి ఆగిపోయింది.

ఇంగ్లీషు నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టాను. కెటిల్ మరిగి మూత ఎగురుతోంది. ఆమె నావైపు చూస్తోంది, ఎప్పటిలా నోట్లోంచి మాట లాగేసుకుంటానేమోనని.

నేను కదలలేదు. ఆమెకు తర్వాతి మాట దొరికేదాకా అలాగే కూర్చున్నాను.