ఎడమకు వంగిన ఆకులు

మా బాపుది ఎడమచేతి వాటం. కోరుట్లలో ఆయన చేసిన మంచం ఏ ఇంట్లో ఉన్నా నేను ఇట్టే గుర్తుపడతాను. తలాపు చెక్క మీద ఆయన ఉలితో చెక్కిన తీగలో ఆకుల మొనలన్నీ ఎడమకే వంగుతాయి. మిగతా వడ్రంగులవి కుడికి వంగుతాయి.

నా పెళ్ళి కుదరగానే టేకు కోయించి నాకోసం మంచం మొదలుపెట్టాడు. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. సిరిసిల్లలో అత్తగారివాళ్ళు కట్టె మంచం చూసి నవ్వుతారని నా బాధ. షోరూం డబుల్ కాట్ కావాలన్నాను, అదీ అద్దం ఉన్నది.

"గట్లనే బిడ్డా, నీ ఇష్టం," అన్నాడు బాపు. ఆ మంచం పూర్తిచేసి ధర్మపురిలో ఎవరికో ఇచ్చేశాడు. ఎవరికిచ్చావని నేను అడగను కూడా లేదు.

నా డబుల్ కాట్ నాలుగు వానాకాలాలకే ఉబ్బి, పొరలు పొరలుగా ఊడిపోయింది. తర్వాత కొన్నేళ్ళకు బాపు పోయాడు. ఊరందరికీ మంచాలు చేసిన మనిషి చేతిది నా ఇంట్లో పీట కూడా లేదు. ఎంత పొగరు నాకప్పుడు!

మొన్న జగిత్యాలలో చుట్టాలింటికి పోతుంటే, పాత సామాను బాగుచేసే దుకాణం ముందు ఒక మంచం కనిపించింది. ఆకులు ఎడమకున్నాయి. నాకోసం మొదలుపెట్టిందేనో, ఇంకెవరి కోసమో చేసిందో తెలియదు. దగ్గరికి పోయి చెయ్యి వేశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

విరిగిన చోట అతికించడానికి దుకాణదారు కొత్త ముక్క మీద పెన్సిల్‌తో ఆకులు గీస్తున్నాడు, కుడికి.

"అన్నా, గట్ల కాదు. ఎడమకు వంగాలె."

"నీకెట్ల ఎర్కనే అక్కా?"

"మా బాపు చేసిండు."

పక్కన స్టూలు మీద కూర్చున్న అమ్మాయి గబుక్కున లేచింది. మంచం ఆమెదే.

"అమ్ముతవా బిడ్డా?" అని ఆశగా అడిగాను.

"ఎట్ల అమ్ముత అమ్మా? మా నాయినమ్మ పండుకున్న మంచం. మా ఇంట్లోల్లు పారేస్తమంటే కొట్లాడి తెచ్చుకున్న."

ఇరవై ఏళ్ళుంటాయేమో ఆ పిల్లకు. నాకు ఆ వయసులో లేని బుద్ధి ఆమెకుంది. కుళ్ళుకున్నాను, దాచడమెందుకు!

"మరి నీ పెండ్లికి మీ బాపు ఎసొంటిది చేసిండు అమ్మా?" అని నవ్వుతూ అడిగింది.

"గిసొంటిదే బిడ్డా," అన్నాను.

చేశాడన్నంత వరకు నిజమే. నేనే వద్దన్నానని మాత్రం ఆ పిల్లకు చెప్పలేకపోయాను.